నాటేసి 23 రోజులు, బోరు మడిలో తుప్పు రంగు: అగ్గితెగులా, జింకు లోపమా?

మిర్యాల_మడి
జనవరి 27, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ చివరి భూములు. యాసంగికి 4 ఎకరాలు కాటన్‌దొర సన్నాలు (1010) పెట్టాను, జనవరి 4న నాటు పడింది. కాలువ నీళ్లు పారే రెండెకరాలు బానే ఉంది. గొడవంతా బోరు కింద ఉన్న రెండెకరాల్లోనే. వారం నుంచి మడి మధ్యమధ్యలో పైరు గిడసబారిపోయి, పాత ఆకుల మీద ఇటుక రంగు మచ్చలు. గట్టు మీద నిలబడి చూస్తే ఎవరో తుప్పు నీళ్లు చల్లిపోయినట్టుంది.

షాపులో ఫోటో చూపిస్తే అగ్గితెగులు అన్నారు, ఒక మందు ఇచ్చారు, కొట్టాను. ఐదు రోజులైనా తగ్గలేదంటే ఇంకోటి ఇచ్చారు, దాంతోపాటు ఎకరాకు అరబస్తా యూరియా చల్లమన్నారు. అదీ అయింది. పచ్చబడలేదు సరికదా మచ్చలు ఇంకా ఎక్కువయ్యాయి. మా నాన్నేమో "ఉండరా, నెలన్నరకి దానంతటదే లేస్తది, ఏటా ఇంతే" అంటాడు. ఏటా ఇంతే అయితే ఏటా మందు ఎందుకు కొడుతున్నామంటే మాత్రం జవాబు లేదు.

జింకు అనుకుందామా అంటే దమ్ములో వేశాను. పైగా భూసార కార్డులో జింకు 0.74, "సరిపోను" అని రాసి ఉంది. పీహెచ్ 8.3. ఫోటోలు పెట్టాను చూడండి.


క్యాంపు_కుర్రోడు
జనవరి 27, రాత్రి 10:05

ఫోటో ఒక్కటే తెరుచుకుంది అన్నా. అదీ చీకట్లో తీసినట్టుంది.


కంకిపాడు_బాబాయ్
జనవరి 28, ఉదయం 6:12

ఫోటోలతో పని లేదు అబ్బాయ్. పొద్దున్నే చేలోకి దిగి మూడు పనులు చెయ్. మచ్చలున్న ఆకుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని వంచు, టక్కున చప్పుడు చేస్తూ విరుగుతుందా, మామూలు ఆకులా మెత్తగా వంగుతుందా చూడు. రెండోది, పై నుంచి మూడో నాలుగో ఆకు తీసి మొదలు వైపు మధ్య ఈనె చూడు, పాలిపోయి తెల్లగా ఉందా. మూడోది, దుబ్బు పీకి వేరు కడిగి చూడు.

అగ్గితెగులు మచ్చ నూలు కండెలా రెండు కొసలా మొనదేలి ఉంటుంది, మధ్యలో బూడిద రంగు. అది లేత ఆకు, ముదురు ఆకు అని చూడదు. నువ్వు చెప్పేది ముదురాకుల మీద, ఈనెకి అటూ ఇటూ తుప్పు అంటున్నావు. నాకైతే ఇక్కడి నుంచే వాసన వస్తోంది.


మిర్యాల_మడి
జనవరి 28, ఉదయం 8:50

చూశాను బాబాయ్. ఆకు అప్పడం విరిగినట్టు విరిగింది. నాలుగో ఆకు ఈనె మొదట్లో తెల్లగానే ఉంది. వేర్లు తక్కువ, పొట్టిగా, గోధుమ రంగులో ఉన్నాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొద్దిగా వస్తోంది. ఇంకో సంగతి, అన్నిటికన్నా అన్యాయంగా ఉన్నది బోరు నీళ్లు పడే మొదటి మడి. అక్కణ్నుంచి కింది మడులకి పోయేకొద్దీ కొంచెం కొంచెం నయం.

కానీ జింకు వేశాను కదా మరి?


మట్టిగిన్నె
జనవరి 28, మధ్యాహ్నం 1:20

భూసార పరీక్ష ల్యాబులో చేస్తాను కాబట్టి కార్డు సంగతి నేను చెప్తాను, తిట్టేవాళ్లు తర్వాత తిట్టుకోవచ్చు.

0.74 అబద్ధం కాదు. కానీ అది మీ మడిలో ఇప్పుడున్న మట్టిది కాదు. మీరు మే నెలలో తెచ్చిన మట్టిని మేం ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి, అందులో 10 గ్రాములు తీసుకుని 20 మిల్లీలీటర్ల డీటీపీఏ (లోహాలను పట్టుకునే రసాయనం) ద్రావణంలో వేసి 2 గంటలు కుదిపి, దిగిన జింకును కొలుస్తాం. లిండ్సే, నార్వెల్ అని ఇద్దరు 1978లో అచ్చులో పెట్టిన పద్ధతి ఇది, సున్నపు నేలల్లో పండే మెట్ట పైర్లను మనసులో పెట్టుకుని చేసింది. మన దగ్గర 0.6 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.6 వంతు) కన్నా తక్కువుంటే లోపం, ఎక్కువుంటే సరిపోను అని గీత గీసుకున్నాం. మొక్కజొన్నకి ఆ గీత బానే పనిచేస్తుంది. వరి మడిలో నాటేసిన మూడో వారానికి మట్టి ఇంకో మట్టి అయిపోతుంది, ఆ మట్టిని మేం ఎప్పుడూ చూడం.

లెక్క చూడండి, సరదాగా ఉంటుంది. ఎకరం పొలంలో పై ఆరంగుళాల మట్టి తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. నేలలో మొత్తం జింకు 50 పీపీఎం అనుకుంటే, మామూలు నేలల్లో ఆ చుట్టుపక్కలే ఉంటుంది, ఎకరానికి 45 కిలోల జింకు ఉన్నట్టు. పైరు ఒక టన్ను గింజకి తీసుకునేది 50 గ్రాములు. ఎకరాకి రెండున్నర టన్నులు పండించారనుకోండి, 125 గ్రాములు. అంటే మీ పొలంలో వందల పంటలకి సరిపడా జింకు ఉంది. గాదె నిండా వడ్లే, కానీ దంచిన బియ్యం గుప్పెడు. ఆ గుప్పెడు కూడా నీళ్లు కట్టగానే సగం మాయమవుతుంది.

మిర్యాల గారూ, మూడు ప్రశ్నలు. జింకు ఎంత వేశారు, దేంతో కలిపి వేశారు, బోరు పైపు మూతికి తెల్లగా సున్నం పడుతుందా?


మిర్యాల_మడి
జనవరి 28, మధ్యాహ్నం 2:02

ఎకరాకి 10 కిలోల జింక్ సల్ఫేట్ మేడం. ఒకటే కూలి మనిషి దొరికాడు, అందుకని డీఏపీ (భాస్వరం ఎరువు) బస్తాతో తట్టలో కలిపేసి ఒకేసారి చల్లించాను. పైపు మూతికి సున్నం మామూలుగా కాదు, ఇంట్లో అదే నీళ్లు కాస్తే గిన్నెకి పొర కడుతుంది.


కంకిపాడు_బాబాయ్
జనవరి 28, మధ్యాహ్నం 2:15

డీఏపీతో కలిపి!! అయిపోయింది.


పచ్చిరొట్ట
జనవరి 28, సాయంత్రం 5:30

అసలు ఈ జింకు, డీఏపీ గోల మన తాతలకి ఉందా? అప్పుడు వరికి జింకు ఎవరు వేశారు? పశువుల ఎరువు, చెరువు మట్టి తోలేవాళ్లు, జీలుగ అనే పచ్చిరొట్ట పైరు తొక్కేవాళ్లు. బస్తాలు వచ్చాకే ఈ లోపాలన్నీ వచ్చాయి. జీలుగ వేసి కలియదున్నండి, ఒక్క గ్రాము జింకు అక్కర్లేదు.


లాగూనా_రిటర్న్
జనవరి 28, రాత్రి 8:45

పచ్చిరొట్ట గారి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం చాలా పెద్దది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను. నేను పీహెచ్‌డీ కోసం ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో నాలుగేళ్లున్నాను, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉన్న ఊరు. నా పని జింకు మీద కాదు, కానీ అక్కడ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే జింకు గురించి వినకుండా లేవలేం.

తాతల కాలంలో జింకు బాధ ఎందుకు లేదంటే, వాళ్లు ఏడాదికి ఒక్క పంట వేసేవాళ్లు, ఎండాకాలమంతా నేల ఎండి నెర్రెలిచ్చేది. ఎండిన నేలలో గాలి ఆడుతుంది, కట్టుబడిన జింకు మళ్లీ విడుదలవుతుంది. ఎకరాకి పది బస్తాలు పండితే గొప్ప, తీసుకెళ్లే జింకు కూడా తక్కువే. 1966లో ఐఆర్8 అనే ఎక్కువ దిగుబడి వరి రకం వచ్చింది, తర్వాత కాలవలు, బోర్లు, రెండో పంట, కొన్నిచోట్ల మూడో పంట. మడి ఎండే రోజే లేకుండా పోయింది. ఫిలిప్పీన్స్‌లో ఎప్పుడూ నీళ్లు నిలిచే లోతట్టు మడుల్లో, సున్నపురాయి నేలల్లో ఇదే తుప్పు కనపడేది. పాకిస్తాన్ పంజాబులో దీన్ని "హద్దా" అనేవాళ్లు, అది తెగులు కాదు జింకు లోపమని యోషిదా, తనాకా 1969లో చూపించారు.

కానీ అందరికన్నా ముందు పట్టుకున్నది మనవాడే. హిమాలయాల కింద తెరాయిలో, పంత్‌నగర్ విశ్వవిద్యాలయం పొలాల్లో, 1960ల్లో వరి మొత్తం కాచు రంగుకి తిరిగిపోయేది. తాంబూలంలో వేసుకునే కాచు ఉంది చూడండి, అది వచ్చే చెట్టు ఖైర్, అందుకని అక్కడి రైతులు ఖైరా అన్నారు. ఏదో క్రిమి పనే అని అందరూ దాని వెంట పడుతుంటే, తెగుళ్ల శాస్త్రవేత్త వై.ఎల్. నేనే గారు అది తెగులే కాదని, జింక్ సల్ఫేట్‌లో సున్నం కలిపి కొడితే తగ్గుతుందని 1966లో ప్రకటించారు. పొలంలో వరికి జింకు లోపం ఉంటుందని ప్రపంచానికి తెలిసింది అప్పుడే. తెగుళ్ల మనిషే ఇది తెగులు కాదని చెప్పడం నాకు భలే నచ్చుతుంది. ఆయన తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థకి వచ్చి చాలా ఏళ్లు పనిచేశారు, హైదరాబాదు, సికింద్రాబాదుల మనిషే అయిపోయారు.

అరవయ్యేళ్లయింది. మిర్యాలగూడలో ఇంకా అగ్గితెగులు మందే ఇస్తున్నారు.


షాపు_సైడు
జనవరి 28, రాత్రి 9:30

అయ్యా, కౌంటరు ఇవతల ఉన్నవాణ్ని, నా మాట కూడా వినండి. రైతు వస్తాడు, ఫోటో చూపిస్తాడు, బండి స్టార్టు చేసే ఉంటుంది. "జింకు కొట్టు అన్నా, 2 గ్రాములు లీటరుకి" అంటే "అది ఎరువు కదా, మందేదీ" అంటాడు. ఇవ్వకపోతే పక్క షాపుకి పోతాడు. నేను మంచోణ్నని చెప్పట్లేదు. కానీ జింకు అమ్మితే నాకేం మిగలదు, వాడికి నమ్మకం కుదరదు.

ఇంకోటి, మందు కొట్టాక నిజంగానే పచ్చబడుతుందండీ. వాళ్లే వచ్చి చెప్తారు, నువ్వు ఇచ్చింది భలే పనిచేసిందని. మరి దానికేమంటారు?


మట్టిగిన్నె
జనవరి 28, రాత్రి 10:10

దానికే వస్తున్నా అన్నా. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

నీళ్లు కట్టగానే మట్టిలో గాలి పోతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు గాలి బదులు ఇనుము, మాంగనీసు, ఆఖరికి సల్ఫేటు వాడుకుని బతుకుతాయి. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక బైకార్బనేటుగా నీళ్లలోనే పేరుకుంటుంది, మొదటి కొన్ని వారాల్లో ఇది తారస్థాయికి పోతుంది. బైకార్బనేటు వరి వేరుని ఎదగనివ్వదు. అదే సమయంలో జింకు కొంత గంధకంతో కలిసి గట్టిపడుతుంది (మీకు వచ్చిన కోడిగుడ్డు వాసన ఆ గంధకానిదే), కొంత సున్నంతో కట్టుబడుతుంది, కొంత కొత్తగా పుట్టిన ఇనుము ముద్దలకి అతుక్కుంటుంది. దానికి తోడు పీహెచ్. పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే నీళ్లలో కరిగి ఉండే జింకు దాదాపు వందో వంతుకి పడిపోతుంది. ఇంకా యాసంగి చలి ఒకటి, జనవరి రాత్రుల్లో వేరు అసలు కదలదు. ఇవన్నీ సరిగ్గా నాటేసిన రెండో వారం నుంచి నాలుగో వారం మధ్యలో ఒక్కచోట కలుస్తాయి, పైరుకి కొత్త వేరు లేని రోజుల్లో.

తర్వాత ఏమవుతుంది? బైకార్బనేటు తగ్గుతుంది, ఎండ ముదురుతుంది, వేరు పాకుతుంది. వరి వేరు తెలివైంది, కాండం లోపలి గొట్టాల గుండా పైనుంచి గాలి కిందికి తెచ్చుకుని వేరు చుట్టూ వదులుతుంది. ఆ గాలికి ఇనుము తుప్పు పట్టేటప్పుడు కొంచెం ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం జింకును కరిగిస్తుంది. వేరు ఎంత పెరిగితే అంత జింకు. కాబట్టి చాలా మడులు ఆరేడు వారాలకి వాటంతటవే పచ్చబడతాయి. మిర్యాల గారి నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం.

మరి అంతకు వారం ముందు ఎవరు ఏ సీసా కొట్టారో పేరు దానికి వస్తుంది. జ్వరం నాలుగో రోజు వేసిన మాత్రలాగా.

కానీ ఊరికే లేవదు అది. పిలకలు పెట్టే రోజులు పోతాయి, పైరు ఎగుడుదిగుడుగా ఈనుతుంది, కోతకి ఆలస్యమవుతుంది.


షాపు_సైడు
జనవరి 28, రాత్రి 10:25

హుమ్. సరే.


క్యాంపు_కుర్రోడు
జనవరి 29, ఉదయం 7:00

మేం గంగావతి దగ్గర క్యాంపులో ఉంటాం, మా ముత్తాత గోదావరి నుంచి వచ్చి తుంగభద్ర కాలవ కింద స్థిరపడ్డాడు. మావన్నీ నల్లరేగళ్లు, తవ్వితే సున్నపు గులకలు. ఇక్కడ జింకు లేకుండా వరి అనే మాటే లేదు, కూర నార తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటాం. మాకు తెలిసిన వైద్యం ముందు నీళ్లు తీసెయ్యడం. మందు కొట్టే ముందు మడి ఆరగట్టాలి. మూడు నాలుగు రోజులు నీళ్లు లేకుండా ఉంచితే గాలి తగిలి రంగు మారడం కళ్లతో చూడొచ్చు. తర్వాత పలచగా తడి పెట్టి జింకు పిచికారి.


కంకిపాడు_బాబాయ్
జనవరి 29, ఉదయం 7:40

కుర్రోడు చెప్పింది నూటికి నూరు. మా డెల్టాలో మురుగు పోని చేలల్లో దాళ్వాకి (మీ యాసంగికి) ఇదే జరుగుతుంది, మురుగు కాలవ పూడిక తీసిన ఏడాది జింకు గోల సగం తగ్గింది. ఒక్క జాగ్రత్త, ఆరగట్టడమంటే నల్లనేలని నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టమని కాదు. నెర్రె పడితే వేరు తెగుద్ది, నీళ్లు కిందికి పోతాయి, కలుపు లేస్తుంది. కాలు పెడితే మడమ దిగాలి, నీళ్లు కనపడకూడదు. అంతే.


మట్టిగిన్నె
జనవరి 29, ఉదయం 9:15

ఇంకొకటి కలుపుతాను. ఆరగట్టే ముందు యూరియా చల్లొద్దు. గాలి తగిలినప్పుడు అది నైట్రేటుగా మారుతుంది, మళ్లీ నీళ్లు పెట్టగానే ఆ నైట్రేటు గాల్లోకి ఆవిరైపోతుంది. మిర్యాల గారు ఇప్పటికే అరబస్తా చల్లేశారు, పోయింది పోగా మిగిలింది మిగులుతుంది, ఇప్పుడింకా వేయకండి. జింకు లోపం ఉన్న పైరుకి యూరియా ఎంత వేసినా పచ్చబడదు, ఇది కూడా ఒక గుర్తే.

ఇక పిచికారి. జింక్ సల్ఫేట్ లీటరుకి 2 గ్రాములు, ఎకరాకి 200 లీటర్లు, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు. 200 లీటర్లలో 400 గ్రాముల సల్ఫేట్, అది 21 శాతందైతే 84 గ్రాముల జింకు. పైరు మొత్తం జీవితానికి కావలసింది 125 అనుకున్నాం కదా, ఇప్పుడు అర్థమవుతుంది ఆకు మీద కొట్టింది ఎందుకంత త్వరగా పనిచేస్తుందో. అన్నీ ఆకులోకి పోవు అనుకోండి. పురుగు మందులు, తెగులు మందులు మాత్రం ఇందులో కలపకండి.


మిర్యాల_మడి
జనవరి 29, ఉదయం 10:30

మరి నేను 10 కిలోలు వేస్తే 2 కిలోల జింకు పడినట్టు. 125 గ్రాములకి అది 16 రెట్లు. అంత వేసినా అందలేదా?


లాగూనా_రిటర్న్
జనవరి 29, మధ్యాహ్నం 12:50

అందలేదు. నేలలో వేసిన జింకులో ఆ పంట తీసుకునేది చాలా చాలా తక్కువ, మిగతాది మట్టి పట్టుకుంటుంది. అందుకే 20 కిలోలు వేయమంటారు, అందుకే ప్రతి పంటకీ వేయక్కర్లేదంటారు, మిగిలింది తర్వాతి రెండు పంటలకి కొంత పనికొస్తుంది. మీ విషయంలో బోరు నీళ్లు కూడా పగబట్టాయి. పైపు దగ్గర మొదటి మడి ఎందుకు అధ్వాన్నంగా ఉందంటే, ప్రతి తడికీ సున్నం, బైకార్బనేటు ముందు అక్కడే దిగుతాయి. ఏళ్ల తరబడి దిగాయి. ఆ మడి మట్టి ఒక్కటే తీసి పరీక్షకిస్తే పీహెచ్ 8.3 రాదు, ఇంకా పైన వస్తుంది. మీరు నాలుగెకరాలదీ కలిపి ఇచ్చారు కదా?


మిర్యాల_మడి
జనవరి 29, మధ్యాహ్నం 1:05

అవును. నాలుగు మూలలా తీసి కలిపి ఇవ్వమన్నారు, అలాగే ఇచ్చాను.


మట్టిగిన్నె
జనవరి 29, మధ్యాహ్నం 1:30

అదే తప్పు, మీది కాదు, చెప్పినవాళ్లది. బాగున్న మట్టి, బాగోలేని మట్టి కలిపితే వచ్చేది రెండూ కాని మట్టి. వచ్చే మేలో కాలువ భూమిది వేరు, బోరు భూమిది వేరు, పైపు కింది మడిది వేరుగా మూడు సంచులు తెండి.


షాపు_సైడు
జనవరి 29, రాత్రి 8:10

డీఏపీతో ఎందుకు కలపకూడదో రైతుకి చూపించడానికి నా దగ్గర ఒక పద్ధతి ఉంది, ఇది మాత్రం వాడుకోండి. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో డీఏపీ కరిగించి వడకట్టండి, ఇంకోదాంట్లో జింక్ సల్ఫేట్ కరిగించండి. రెండూ తేటగా ఉంటాయి. ఇప్పుడు ఒకదాంట్లో ఇంకోటి పోయండి, పాలు విరిగినట్టు ముద్దలు కడుతుంది. అది జింకు, భాస్వరం పట్టుకున్న ముద్ద.

నిజానికి ఇది నకిలీ పట్టుకునే పరీక్ష. జింకు పేరుతో మెగ్నీషియం సల్ఫేట్ అమ్మేవాళ్లున్నారు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అదైతే అలా చిక్కటి ముద్ద కట్టదు. మా షాపుకి వచ్చిన కొత్త సరుకు నేను ఇలాగే చూసుకుంటాను. అంటే నాకు తెలియక కాదండీ మందులు ఇచ్చేది.


కంకిపాడు_బాబాయ్
జనవరి 29, రాత్రి 8:30

ఈ ఒక్క పోస్టుతో నీ మీద కోపం సగం పోయింది షాపాయనా.


లాగూనా_రిటర్న్
జనవరి 29, రాత్రి 9:00

గ్లాసు పరీక్ష మంచిదే, చిన్న సవరణ. గ్లాసులో కట్టిన ఆ ముద్ద రాయిలా ఎప్పటికీ కరగనిదేం కాదు, మట్టిలో మెల్లగా కరిగి పైరుకి అందుతుంది కూడా. అసలు చిక్కు ఎక్కువగా మొక్కలో ఉంది, భాస్వరం మరీ ఎక్కువైతే వేరు నుంచి ఆకుకి జింకు సరిగ్గా చేరదు. కానీ మూడు వారాల పసిపైరుకి మెల్లగా అందడమంటే అందనట్టే లెక్క. కాబట్టి భాస్వరం వేసిన రెండు మూడు రోజుల తర్వాత జింకు, లేదా ముందు జింకు తర్వాత భాస్వరం. కూలి మనిషికి రెండు పూటలు ఇవ్వాల్సి వస్తుంది, అంతే తేడా.


పచ్చిరొట్ట
జనవరి 29, రాత్రి 9:40

నా జీలుగ సంగతి ఎవరూ మాట్లాడరే. సగం నిజం అన్నారు, మిగతా సగం ఏంటో చెప్పలేదు.


లాగూనా_రిటర్న్
జనవరి 29, రాత్రి 10:20

మర్చిపోలేదండీ. జీలుగ చౌడుకి మంచిది, కుళ్లేటప్పుడు పీహెచ్ దిగుతుంది, నత్రజని వస్తుంది, సందేహం లేదు. బాగా మాగిన పశువుల ఎరువు, కోళ్ల ఎరువు అయితే జింకే తెస్తాయి. కానీ పచ్చి జీలుగ తొక్కి మర్నాడే నాటేస్తే మీరు సూక్ష్మజీవులకి పెళ్లిభోజనం పెట్టినట్టు. ఉన్న కాస్త గాలీ ఒక్కరోజులో అయిపోతుంది, బైకార్బనేటు ఇంకా పెరుగుతుంది, కుళ్లే ఆమ్లాలు పసివేరుని కాలుస్తాయి. జింకు లోపం మొదటి నెలలో తగ్గాల్సింది పోయి ముదురుతుంది. గడ్డి దుబ్బులు దున్ని వెంటనే నాటేసినా ఇదే కథ. తొక్కాక పది పదిహేను రోజులు కుళ్లనిచ్చి నాటేయండి, అప్పుడు మీరు చెప్పిందంతా నిజమే.


పచ్చిరొట్ట
జనవరి 29, రాత్రి 10:45

పదిహేను రోజులు ఆగితే కాలువ నీళ్లు ఆగుతాయా సార్. చివరి భూములోళ్లని అడగండి. సరే, ఒప్పుకున్నాను.


నర్సన్నపేట_అక్క
జనవరి 30, ఉదయం 11:15

పొలం లేనిదాన్ని, అంగన్‌వాడీలో పనిచేస్తాను, కుతూహలం కొద్దీ అడుగుతున్నా. పైరుకి జింకు వేస్తే మనం తినే బియ్యంలో కూడా పెరుగుతుందా? పిల్లలకి విరేచనాలప్పుడు జింకు మాత్రలు 14 రోజులు ఇస్తాం కదా, అన్నంలోనే ఉంటే బాగుండేది అనిపిస్తుంది.


మట్టిగిన్నె
జనవరి 30, మధ్యాహ్నం 12:40

మంచి ప్రశ్న అక్కా. నేలలో వేస్తే దిగుబడి పెరుగుతుంది, గింజలో జింకు పెద్దగా పెరగదు. పూత తర్వాత, గింజ పాలు పోసుకునేటప్పుడు ఆకు మీద కొడితే కొంత పెరుగుతుంది, కానీ చాలామటుకు తవుడులోనే ఉండిపోతుంది, దాన్ని మనం పాలిష్ పట్టి పశువులకి పెడతాం. అందుకే విత్తనంలోనే మార్పు కోసం చూశారు. బంగ్లాదేశ్‌లో 2013లో బ్రి ధాన్62 అని మొదటి జింకు వరి వచ్చింది. మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ డీఆర్ఆర్ ధాన్ 45 ఇచ్చింది, పాలిష్ పట్టిన బియ్యంలో కూడా 22 పీపీఎం పైన జింకు ఉంటుంది, మామూలు రకాల్లో 12 నుంచి 16.

అయితే ఆ రకాన్ని పైపు మూతి కింద మొదటి మడిలో నాటితే అది ఎక్కణ్నుంచి తెస్తుంది పాపం. నేల ఇస్తేనే గింజ ఇస్తుంది.


మిర్యాల_మడి
ఫిబ్రవరి 9, రాత్రి 8:30

అప్‌డేట్. 29న నీళ్లు తీశాను, నాలుగు రోజులు ఆరగట్టాను. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు, యాసంగిలో నీళ్లు తీసేవాణ్ని మొదటిసారి చూస్తున్నానన్నాడు. ఫిబ్రవరి 2న, 7న జింకు కొట్టాను, ఇంకేమీ కలపలేదు. నిన్నటి నుంచి కొత్త ఆకులు మచ్చ లేకుండా వస్తున్నాయి. వేరు పీకి చూస్తే తెల్ల వేర్లు ఓ నాలుగైదు కనిపించాయి.

ఒక పని చేశాను. మూడో మడిలో గట్టు పక్కన నాలుగు బారల వెడల్పున ఒక పట్టీ కొట్టకుండా వదిలేశాను. "దానంతటదే లేస్తది" అన్నాడు కదా నాన్న, చూద్దామని.


షాపు_సైడు
ఫిబ్రవరి 9, రాత్రి 9:05

ఆ పట్టీ సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి. ఫోటో పగలు తీయండి.


కంకిపాడు_బాబాయ్
ఫిబ్రవరి 10, ఉదయం 6:30

మూడో పిచికారి కూడా అవసరమైతే కొట్టేయ్, బద్ధకించకు. వచ్చే యాసంగికి ఆ రెండెకరాలకి ఆఖరి దమ్ములో 20 కిలోలు, పైపు కింద మడికి అంతకన్నా ఎక్కువ, చౌడు నేలకి 40 దాకా చెప్తారు. సంచి మీద 33 శాతం అని ఉంటే 12, 13 కిలోలు చాలు 20 కిలోల బదులు, అది చూసుకో. నారుమడిలో కూడా జింకు కొట్టి పంపు, బలంగా వస్తుంది. కాలువ నీళ్లు వచ్చే రోజుల్లో బోరు ఆపి ఆ నీళ్లే పైనుంచి పారించే వీలుంటే ఇంకా మంచిది.


మిర్యాల_మడి
మార్చి 3, సాయంత్రం 6:10

పట్టీ కూడా పచ్చబడింది! నాన్న మొహం చూడాలి మీరు. ఊళ్లో నలుగురికి చూపించాడు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరికి పోయి లెక్కపెడితే పట్టీలో దుబ్బుకి తొమ్మిది పది పిలకలు, పక్కన పద్నాలుగు పదిహేను. నాన్న లెక్కపెట్టడానికి రాలేదు.


మట్టిగిన్నె
మార్చి 3, రాత్రి 7:45

:) నాన్నగారిని ఈనే రోజుల దాకా ఆగమనండి.


మిర్యాల_మడి
ఏప్రిల్ 29, రాత్రి 9:55

మొన్న కోశాం. హార్వెస్టర్ మా ఊరికి ఒక్కరోజే దొరికింది, వాన మబ్బు ఒకటి పైన. మడంతా పండి వంగింది, ఆ నాలుగు బారల పట్టీ ఒక్కటే ఇంకా పచ్చగా, సగం పాల మీద. డ్రైవరు "ఇదేంటి, వేరే విత్తనమా" అని అడిగాడు. కోస్తే పచ్చి గింజ మిల్లులో తేమ కింద కొట్టేస్తారు, ఆపితే మళ్లీ బండి రాదు. వదిలేశాం.

నాన్న నిన్న కొడవలి తీసుకుని పోయి ఒక్కడే ఆ పట్టీ కోసుకుంటున్నాడు, బర్రెకి గడ్డి అవుతదిలే అంటూ. నేను ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ, మట్టి సంచులు మూడా నాలుగా అని అడిగాడు.

మేడం, మే రెండో వారంలో తెస్తే తీసుకుంటారా?


మట్టిగిన్నె
ఏప్రిల్ 30, ఉదయం 9:20

తీసుకుంటాం. మూడు. ఒక్కోటి అరకిలో చాలు, ఎరువుల సంచిలో మాత్రం వేసి తేకండి, గుడ్డ సంచి.